రాయగడ, పర్లాకిమిడి, బరంపురం నుంచి ఒక్కరోజులో వైజాగ్ సబ్‌మెరైన్ మ్యూజియం: గైడు చెప్పేది పూర్తిగా విని రావడం ఎలా

సెలవులు వస్తున్నాయంటే చాలు, ఒడిశాలో మన వైపు ఉండే తెలుగువాళ్ళు ఒకటే అడుగుతారు. పిల్లలకు వైజాగ్‌లో సబ్‌మెరైన్ చూపించాలి, పొద్దున వెళ్ళి రాత్రికి ఇంటికి వచ్చేయవచ్చా, ఏ రోజు వెళ్ళాలి, లోపల ఎవరైనా చెప్తారా? వచ్చేయవచ్చు. చెప్పేవాళ్ళు కూడా ఉంటారు. కాకపోతే చాలామంది అంత దూరం వెళ్ళి, లోపల పది నిమిషాలు నడిచి, నాలుగు సెల్ఫీలు తీసుకుని బయటికి వచ్చేస్తారు. అక్కడ గైడ్లుగా పనిచేసేది నేవీలో చేసి రిటైర్ అయినవాళ్ళు. ఇనుప గొట్టం లోపల నెలల తరబడి బతకడం ఎలా ఉంటుందో తెలిసిన మనుషులు. వాళ్ళ మాట వినకుండా వచ్చేస్తే మీరు చూసింది సగమే. అందుకే ఇదంతా ఆ గైడు చుట్టూనే రాశాను.

ముందుగా సర్దుకోవలసినవి

- అందరి ఒరిజినల్ గుర్తింపు కార్డులు, రానూపోనూ రైలు టికెట్లు.
- పట్టు ఉన్న చెప్పులు లేదా బూట్లు. హవాయి చెప్పులు, హీల్స్ వద్దు.
- భుజానికి వేసుకునే ఒక్క చిన్న సంచి. లోపల దారి సన్నం, పెద్ద బ్యాగుతో మీరూ ఇబ్బంది పడతారు, వెనకవాళ్ళూ పడతారు.
- మనిషికో నీళ్ళ సీసా, ఒక తువ్వాలు, టోపీ. వైజాగ్ ఉక్క గురించి కొండ మీద ఉండేవాళ్ళకు, ముఖ్యంగా కోరాపుట్, సునాబేడ వాళ్ళకు, ప్రత్యేకంగా చెప్పాలి. చెమటకు మనిషి నీరసపడిపోతాడు.
- కొంత చిల్లర. ఫోన్ పే ఉంది కదా అనుకోకండి, బీచ్ దగ్గర జనం ఎక్కువైతే నెట్ మొరాయిస్తుంది.
- పిల్లలు రాసుకోవడానికి చిన్న నోట్‌బుక్, పెన్సిల్. ఇది ఎందుకో కింద చెప్తాను.

1. రోజు ఎంచుకోండి

సోమవారం సబ్‌మెరైన్ మ్యూజియానికి సెలవు. ఈ ఒక్క ముక్క తెలియక ఆదివారం బంధువుల ఇంట్లో పెళ్ళి చూసుకుని, సోమవారం పిల్లల్ని తీసుకెళ్ళి గేటు బయట ఫొటో దిగి వచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఆదివారం తెరిచి ఉంటుంది కానీ జనం విపరీతం. వెనకనుంచి తోసుకొస్తుంటే గైడు కూడా పాపం ఏం చెప్పగలడు, "నడవండి నడవండి" అనడం తప్ప. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు, ఆదివారాలు, సెలవు రోజుల్లో పొద్దున కూడా తెరవడం అక్కడి పద్ధతి. వేళలు, టికెట్ ధరలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు రోజు ఒకసారి చూసుకోండి.

మనకు ఒక సదుపాయం ఉంది, దాన్ని ఎవరూ వాడుకోరు. మన సెలవులు వేరు, ఆంధ్రా సెలవులు వేరు. జూన్ మధ్యలో రజ పండుగకు, ఆషాఢంలో రథయాత్రకు, భాద్రపదంలో నువాఖాయికి మన బడులు మూసి ఉంటాయి. అక్కడ మామూలు పనిరోజు. ఆ రోజు సోమవారం, ఆదివారం కాకుండా చూసుకుంటే చాలు, మధ్యాహ్నం తెరిచే వేళకు వెళ్తే గైడు మీ పిల్లల ప్రశ్నలకు నిలబడి జవాబు చెప్పేంత తీరిగ్గా ఉంటాడు. సంక్రాంతి, దసరా మాత్రం ఇద్దరికీ సెలవులే, ఆ వారాలు వదిలేయండి.

ఇంకొకటి. డిసెంబర్ 4 నేవీ డే. 1971 యుద్ధంలో కరాచీ రేవు మీద మన నౌకాదళం దాడి చేసిన రోజు అది. ఆ వేడుకలు వైజాగ్‌లో జరిగే ఏడాది బీచ్ రోడ్డు మీద విన్యాసాలు ఉంటాయి, రిహార్సల్స్ కూడా ఉంటాయి, ట్రాఫిక్ మళ్ళిస్తారు. విన్యాసాలు చూడాలనుకుంటే సరే, మ్యూజియం చూడాలనుకుంటే ఆ వారం వద్దు.

2. బండి చూసుకోండి, తిరుగు టికెట్ ముందు తీయండి

*బరంపురం నుంచి:* మెయిన్ లైన్ మీద ఉన్నారు, మీకు కంగారు లేదు. పొద్దున ఎక్కితే నాలుగు, నాలుగున్నర గంటల్లో దిగవచ్చు. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, హౌరా, భువనేశ్వర్ వైపు నుంచి దక్షిణానికి పోయే కొన్ని బండ్లు విశాఖపట్నం స్టేషన్‌లోకి రావు, పక్కనుంచి వెళ్ళి దువ్వాడలో ఆగుతాయి. టికెట్ తీసేటప్పుడు "విశాఖపట్నం" అనే పేరు స్టాపుల్లో ఉందో లేదో చదవండి. దువ్వాడలో దిగితే అక్కడినుంచి బీచ్‌కి రావడానికే గంట పైన పోతుంది.

*రాయగడ నుంచి:* పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా వెళ్ళే బండ్లు ఉన్నాయి. తెల్లవారుజామున దొరికితే మేలు.

*పర్లాకిమిడి, గుణుపురం నుంచి:* నేరుగా వెళ్ళే ప్యాసింజర్ వేళ మీకు కుదరకపోతే పక్కనే ఉన్న పాతపట్నం వెళ్ళి శ్రీకాకుళం బస్సు ఎక్కండి, లేదా పలాస వెళ్ళి మెయిన్ లైన్ బండి పట్టుకోండి. నలుగురైదుగురు ఉంటే కారు మాట్లాడుకోవడమే నయం.

*జయపురం, కోరాపుట్ నుంచి:* అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ లైన్ ఎంతో అందమైనది, యాభైకి పైగా సొరంగాలు. కానీ ఒక్కరోజు ప్రయాణానికి పగటి బండి పనికిరాదు, పగలంతా బండిలోనే గడిచిపోతుంది. సుంకి ఘాటీ, సాలూరు మీదుగా రాత్రి బస్సులో వెళ్ళి, పొద్దున దిగి, మళ్ళీ రాత్రి బస్సుకే తిరిగి రండి. ఘాట్ రోడ్డులో వాంతులయ్యే పిల్లలకు కడుపు నిండా తినిపించి ఎక్కించకండి.

ఎక్కడినుంచి వెళ్ళినా తిరుగు ప్రయాణం రాత్రి 8 తర్వాత ఉండేలా చూసుకోండి. సాయంత్రం 5 గంటల బండికి టికెట్ తీసుకున్నవాళ్ళు సబ్‌మెరైన్‌లో నిలబడి వాచీ చూసుకుంటూనే ఉంటారు, ఆ టెన్షన్‌లో ఏం వింటారు?

3. ముందు రోజు రాత్రి ఒక అరగంట

పాఠం అక్కర్లేదు, మూడు ముక్కలు చెప్పండి చాలు.

కుర్సురా రష్యావాళ్ళు కట్టిన సబ్‌మెరైన్. 1969 డిసెంబర్‌లో మన నౌకాదళంలో చేరింది, 2001లో రిటైర్ అయింది, 2002లో ఆర్కే బీచ్ ఒడ్డుకు చేర్చి మ్యూజియం చేశారు. 31 ఏళ్ళ సర్వీసులో 73,500 నాటికల్ మైళ్ళు తిరిగింది. ఇది ఒకటి.

రెండోది, అది డీజిల్‌తోనూ బ్యాటరీతోనూ నడిచే సబ్‌మెరైన్. డీజిల్ ఇంజన్‌కు గాలి కావాలి కాబట్టి నీళ్ళ కింద లోతుగా ఉన్నప్పుడు ఇంజన్ ఆపేసి బ్యాటరీ మీద నడుపుతారు. ఆ బ్యాటరీ అయిపోవస్తే పైకి రావాలి, లేదా పైకి గాలిగొట్టం పెట్టగలిగేంత పైకైనా రావాలి, మళ్ళీ ఇంజన్ నడిపి చార్జ్ చేసుకోవాలి. శత్రువు కంటబడే ప్రమాదం ఎక్కువగా అప్పుడే. ఈ ఒక్క సంగతి తెలిస్తే లోపల కనిపించే సగం యంత్రాలకు అర్థం దొరుకుతుంది.

మూడు, నీటి బరువు. ప్రతి పది మీటర్ల లోతుకు మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడంత ఒత్తిడి అదనంగా పడుతుంది.

మన పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు, చదవలేరు. బడిలో ఒడియానో ఇంగ్లీషో. అందుకే టార్పెడో (నీళ్ళలో దూసుకెళ్ళి పేలే ఆయుధం), పెరిస్కోప్ (నీళ్ళ కిందనుంచి పైకి చూసే గొట్టం), సోనార్ (నీళ్ళలో చప్పుడును బట్టి వెతికే పరికరం), బ్యాటరీ, ఈ నాలుగు మాటలు ముందే చెప్పి ఉంచండి, గైడు నోట వినగానే గుర్తుపడతారు.

4. దిగగానే

పెద్ద సామాను ఉంటే స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టండి. తాళం వేయని బ్యాగు తీసుకోరు, కాబట్టి చిన్న తాళం ఇంటినుంచే తెచ్చుకోండి. టిఫిన్ అక్కడే చేసేయండి. బీచ్‌కి వెళ్ళాక చూద్దాంలే అంటే ఎండలో హోటల్ వెతుక్కుంటూ తిరగాలి.

ఆటోవాళ్ళతో "కుర్సురా" అనక్కర్లేదు, "ఆర్కే బీచ్, సబ్‌మెరైన్" అంటే చాలు. కైలాసగిరి వైపు వెళ్ళే సిటీ బస్సులూ ఉన్నాయి. ఆటో ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి.

5. సబ్‌మెరైన్ తెరిచేలోపు విశాఖ మ్యూజియం

అదే బీచ్ రోడ్డు మీద, పాత డచ్చి బంగళాలో ఉంది. ఇందులో మీరు తప్పకుండా చూడవలసింది ఒక బాంబు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అప్పటికి వైజాగ్ రేవు తెరిచి పదేళ్ళు కూడా కాలేదు. జనం భయపడి ఊరు వదిలి లోపలి పల్లెలకు వెళ్ళిపోయారు, ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు. అప్పుడు పడి పేలకుండా మిగిలిన బాంబు ఇక్కడ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అంటే ఎక్కడో యూరప్‌లో జరిగిందనుకునే పిల్లల్ని దీని ముందు రెండు నిమిషాలు నిలబెట్టండి. పర్లాకిమిడి, రాయగడ, గుణుపురాల్లో తొంభై దాటిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే, తిరిగి వచ్చాక వాళ్ళను ఆ రోజుల గురించి అడగమనండి.

మిగతా గదులు ఓపికను బట్టి. గంట కంటే ఎక్కువ ఇక్కడ ఖర్చు చేయకండి, కాళ్ళను మధ్యాహ్నానికి దాచుకోండి.

6. కుర్సురా లోపలికి

ఇది అసలు పని. తెరిచే వేళకు ముందే లైన్‌లో ఉండండి. టికెట్ తీసుకునేటప్పుడు ఎదురుగా ఉన్న విమానం మ్యూజియానికి కలిపి టికెట్ ఇస్తారేమో అడగండి. ఫోన్, కెమెరా సంగతి కూడా అక్కడే కనుక్కోండి.

*ఎవరు లోపలికి వెళ్ళకూడదు:* మెట్లు ఎక్కాలి, గదికీ గదికీ మధ్య గుండ్రటి గుమ్మాల్లో వంగి, కాలు ఎత్తి దాటాలి, ఒకసారి లోపలికి వెళ్ళాక వెనక్కి తిరగడం కష్టం. మోకాళ్ళ నొప్పులు బాగా ఉన్నవాళ్ళు, నెలలు నిండిన గర్భిణులు, లిఫ్టులో కూడా ఊపిరాడనట్టు అనిపించేవాళ్ళు బయటే ఉండటం మంచిది. చక్రాల కుర్చీ వెళ్ళదు. వాళ్ళను ఒంటరిగా ఎండలో వదిలేయకండి, ఒకరు తోడుండి ఆ సమయంలో విమానం మ్యూజియం కింది భాగం చూపించండి, తర్వాత మనుషులు మారండి. చంటిపిల్లల్ని భుజాల మీద ఎక్కించుకోకండి, పైన అన్నీ గొట్టాలు, కవాటాలే. ముందు వైపు ఎత్తుకోండి. చీర కట్టుకున్నవాళ్ళు కొంగు దోపుకోండి. పొడుగ్గా ఉన్న మగవాళ్ళూ, తల జాగ్రత్త.

లోపలికి వెళ్ళగానే గైడు కనిపిస్తారు. "సార్, తెలుగులో చెప్తారా, మేం ఒరిస్సా నుంచి వచ్చాం" అని మర్యాదగా అడగండి. తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ నడుస్తాయి. తర్వాత చేయవలసింది ఒక్కటే, ఆయన పక్కనే నిలబడండి. మీ గుంపును ముందూ వెనకా సాగనివ్వకండి. వెనక పెద్ద స్కూలు గుంపు వస్తుంటే గోడకు జరిగి వాళ్ళను ముందుకు పంపేయండి. వాళ్ళు వెళ్ళాక దొరికే ఆ కాస్త ఖాళీలోనే గైడు మీతో తీరిగ్గా మాట్లాడగలడు.

సబ్‌మెరైన్ పొడవు 91 మీటర్లు, లోపల ఏడు భాగాలు. ముందు చివర టార్పెడో గది, అక్కడ ఆరు గొట్టాలు. వెనక చివర నాలుగు. మొత్తం 22 టార్పెడోలు పట్టేవి. టార్పెడోల పక్కనే నావికులు పడుకునే అరలు ఉంటాయి, అక్కడ ఆగండి. ఆ అర పొడవు, వెడల్పు చేత్తో కొలిచి చూడమనండి పిల్లల్ని. దాదాపు 75 మంది ఉండేవారు, అందరికీ సరిపడా పడకలు లేవు, డ్యూటీ నుంచి ఒకరు వచ్చేసరికి ఆ పడక మీద ఉన్నవాడు లేచి డ్యూటీకి వెళ్ళేవాడు. మంచినీళ్ళు కొలిచి వాడేవారు. వంటగది ఎంతుందో చూశాక ఆడవాళ్ళు తప్పకుండా ఏదో ఒకటి అడుగుతారు, అడగనివ్వండి, ఇలాంటి ప్రశ్నలకు గైడ్లు ఎంతో ఉత్సాహంగా చెప్తారు.

మధ్యలో కంట్రోల్ రూమ్. పెరిస్కోప్ ఇక్కడే ఉంటుంది. అందరూ ఇక్కడ ఫొటోల కోసం ఎగబడతారు. మీరు మాత్రం గైడును ఈ ప్రశ్న అడగండి: "మునగాలంటే ముందు ఏం చేస్తారు, తేలాలంటే ఏం చేస్తారు?" ట్యాంకుల్లోకి సముద్రపు నీళ్ళు వదలడం, మళ్ళీ అధిక ఒత్తిడి గాలితో ఆ నీళ్ళను బయటికి తోసేయడం ఆయన చేత్తో చూపిస్తూ చెప్తే, చుట్టూ ఉన్న ఆ చక్రాలు, కవాటాలు ఎందుకో పిల్లలకు ఒక్కసారిగా తెలిసిపోతుంది.

మూడు డీజిల్ ఇంజన్లు, తర్వాత గదిలో కరెంటు మోటార్లు. రాత్రి మీరు చెప్పిన రెండో ముక్క ఇక్కడ గుర్తు చేయండి. ఇంజన్లు నడుస్తున్నప్పుడు ఈ గదిలో చప్పుడు, వేడి ఎలా ఉండేవో గైడును అడగండి.

ఊపిరాడనట్టు అనిపిస్తే మొహమాటపడకుండా గైడుకు చెప్పండి, వెంటనే బయటికి పంపే దారి చూస్తారు.

7. రోడ్డు దాటి టీయూ-142

సబ్‌మెరైన్ తర్వాతే ఇది చూడాలి, ముందు కాదు. ఎందుకంటే సముద్రం మీద తిరుగుతూ సబ్‌మెరైన్లను వెతికి పట్టుకునే విమానం ఇది. దాక్కునేదాన్ని చూశాక వెతికేదాన్ని చూస్తే కథ పూర్తవుతుంది. 1988లో మన నౌకాదళంలోకి వచ్చింది, 2017 మార్చిలో రిటైర్ అయింది, అదే ఏడాది డిసెంబర్‌లో మ్యూజియం తెరిచారు. 29 ఏళ్ళలో ఒక్క ప్రమాదం లేకుండా 30 వేల గంటలు ఎగిరాయి ఈ విమానాలు.

రెండు చూడండి. ఒకటి, ప్రతి ఇంజన్‌కూ ఒకదాని వెనక ఒకటి రెండు పంఖాలు, ఎదురెదురు దిక్కుల్లో తిరిగేవి. ఇంజన్లు నాలుగు, పంఖాలు ఎనిమిది. సునాబేడ హాల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) కారఖానాలో మిగ్ ఇంజన్లు చేసేవాళ్ళ పిల్లలు ఇక్కడ మిగతావాళ్ళకు పాఠం చెప్పేస్తారు. రెండు, సోనోబోయ్‌లు. విమానం నుంచి నీళ్ళలోకి జారవిడిచే గొట్టాలు ఇవి, నీళ్ళ కింద చప్పుళ్ళు విని పైకి కబురు పంపుతాయి. సబ్‌మెరైన్‌లో బ్యాటరీ మీద నిశ్శబ్దంగా ఎందుకు వెళ్ళేవారో ఇక్కడ తేలిపోతుంది.

ఆడియో గైడు ఇస్తే తీసుకోండి. పెద్దవాళ్ళు హిందీ, పిల్లలు ఇంగ్లీషు అని కాకుండా, ఇంట్లో అందరికీ బాగా అర్థమయ్యే భాష ఒక్కటే పెట్టుకుంటే తర్వాత మాట్లాడుకోవడానికి వీలు.

8. చీకటి పడేలోపు

బీచ్ రోడ్డు మీదే 1971 యుద్ధ స్మారకం ఉంది, "విక్టరీ ఎట్ సీ" అంటారు. నడిచి వెళ్ళి చూడండి. తర్వాత ఇసుకలో కూర్చుని మురీ మిక్చర్, మిరపకాయ బజ్జీ తినండి.

నీళ్ళలోకి మాత్రం దిగకండి, పిల్లల్ని దిగనివ్వకండి. గోపాల్‌పూర్‌లో స్నానాలు చేసిన అలవాటుతో ఇక్కడా దిగుతామంటారు. ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాలు ఉన్నాయి, ఈతగాళ్ళు కూడా కొట్టుకుపోయారు. పాదాలు తడిస్తే చాలు.

ఎక్కువమంది పొరపడేవి

*"కుర్సురాయే ఘాజీని ముంచింది."* కాదు. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ 1971 డిసెంబర్ 3-4 రాత్రి వైజాగ్ రేవు బయట మునిగింది. అది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వెతుక్కుంటూ వచ్చింది, విక్రాంత్‌ను అప్పటికే అండమాన్ వైపు పంపేశారు. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల (నీళ్ళ లోతులో పేలే బాంబుల) వల్ల మునిగిందని మన నౌకాదళం చెప్తుంది, లోపలి పేలుడు వల్ల అని పాకిస్తాన్ అంటుంది. ఏది ఏమైనా ఆ సమయంలో కుర్సురా అవతలి వైపు, అరేబియా సముద్రం వైపు ఉంది. పిల్లలు బడిలో వ్యాసం రాస్తే ఇది తప్పు రాసేస్తారు, చూసుకోండి.

*మ్యూజియానికి చివరి అరగంటలో వెళ్ళడం.* టికెట్ ఇస్తారు, గైడు మాత్రం తొందరలో ఉంటాడు.

*పొద్దున కైలాసగిరి ఎక్కి, జూ చూసి, సాయంత్రం సబ్‌మెరైన్ పెట్టుకోవడం.* అప్పటికి పిల్లలకు నిద్ర, పెద్దలకు కాళ్ళ నొప్పి. ఒక్కరోజుకు ఈ మూడు మ్యూజియాలు చాలు.

*వీడియో తీస్తూ నడవడం.* ఫోన్ పట్టుకుని వెనక్కి జరిగితే గుమ్మం అంచు కాలికి తగులుతుంది. ఆగి తీయండి, జేబులో పెట్టండి, తర్వాత నడవండి.

సరిగ్గా చూశారా లేదా ఎలా తెలుస్తుంది

తిరుగు బండిలో కూర్చున్నాక నోట్‌బుక్ పిల్లల చేతికి ఇవ్వండి. సబ్‌మెరైన్ బొమ్మ గీసి ఏడు భాగాలు చేయమనండి, ఏ గదిలో ఏముందో రాయమనండి. నాలుగైదు రాస్తే చాలా బాగా చూసినట్టే. తర్వాత ఇవి అడగండి: ముందు ఎన్ని టార్పెడో గొట్టాలు, వెనక ఎన్ని? బ్యాటరీ అయిపోతే ఏం చేస్తారు? సోనోబోయ్ దేనికి? జపాన్ బాంబు ఏ సంవత్సరానిది? ఇవన్నీ కాకుండా గైడు చెప్పిన మాట ఒక్కటైనా సొంతంగా చెప్పగలగాలి, ఎక్కడా రాసి ఉండనిది. అది రాకపోతే మీరు గైడుకు దూరంగా నడిచారన్నమాట.

సోమవారం తప్ప కుదరదంటే

ఉద్యోగానికి సోమవారమే సెలవైనవాళ్ళు ఉంటారు. ఆ రోజు యుద్ధ స్మారకం చూసి, సింహాచలం దర్శనం చేసుకుని రండి, మ్యూజియం మాత్రం రజకో రథయాత్రకో వాయిదా వేసుకోండి. గేటు సందులోంచి చూపించి "ఇదే సబ్‌మెరైన్" అనేస్తే, చూసేశాం కదా అని మరోసారి పిల్లలు రామంటారు.